ప్రేరణల పేజీ

డిజైన్ చదివేవాళ్ళ పోర్ట్‌ఫోలియోలో ఒక పేజీ తప్పకుండా ఉంటుంది. దాని పేరు ‘ప్రేరణలు’. నాకు అది ఆరో పేజీ. ఎడమ పక్కన బౌహౌస్ వాళ్ళ పసుపు త్రికోణం, ఎర్ర చదరం, నీలం వృత్తం. దాని కింద పాల్ రాండ్ గీసిన ఎనిమిది గీతల ఐబీఎం లోగో. కుడి పక్కన బాపు బొమ్మ ఒకటి. మధ్యలో, అన్నిటికంటే పెద్దగా, బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పొగగొట్టం. అది నేను ఫోన్‌తో తీసిన ఫోటో.

బాపు సంగతి ఒకటి చెప్పాలి. మా రుద్రూర్‌లో బాపు అంటే నాన్న. హైదరాబాద్‌లో డిజైన్ కాలేజీలో చేరిన మొదటి వారం ఒక సీనియర్ ‘బాపు లైన్‌లో ఉన్న బలం చూడు’ అంటే, నాకు మా ఇంటాయన పొలంలో నాగలితో గీసిన గీత గుర్తొచ్చింది. నవ్వాను. తర్వాత ఆ బొమ్మలు చూశాను, ఇష్టపడ్డాను, ఆరో పేజీలో పెట్టుకున్నాను. కానీ ఆ బొమ్మకీ నా నాలుగేళ్ళ పనికీ ఏ సంబంధమూ లేదు. బౌహౌస్‌కీ అంతే. 1919లో వైమార్‌లో మొదలై 1933లో మూతపడిన ఆ స్కూలు గురించి నాకప్పుడు తెలిసింది ఆ మూడు ఆకారాలూ మూడు రంగులూ మాత్రమే.

ఈమధ్య కొందరు జూనియర్లు వాళ్ళ పోర్ట్‌ఫోలియోలు చూసిపెట్టమని పంపారు. వరసగా చూస్తుంటే ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. అవే ఆకారాలు, అదే ఐబీఎం, అదే బాపు. మధ్యలో మాత్రం ఎవరి ఊరి శిథిలం వాళ్ళది. వాళ్ళకి ఏదో రాసి పంపాలని కూర్చున్నాను. ఎవరికి రాసినా అది నాకు రాసుకున్నట్టే ఉంది. అందుకని ముందు నా పోర్ట్‌ఫోలియోనే సమీక్షకి తీసుకుంటున్నాను. అందులో మూడు ప్రాజెక్టులున్నాయి. అందులో పెట్టని నాలుగోది ఒకటుంది.

*

మొదటి ప్రాజెక్టు పేరు ‘శక్కర్’. ఆరు పోస్టర్లు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం నేపథ్యం. మంజీరా మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్ళొచ్చాక ఈ ప్రాంతమంతా చెరకు వచ్చింది. 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ పుట్టిన ఊరు శక్కర్‌నగర్. కోస్తా నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కొని క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పటికీ బోధన్, వర్ని, బాన్సువాడ రోడ్ల మీద ఊరి పేరు చివర ‘క్యాంప్’ అని కనిపిస్తే అది ఆ కథే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకున్న ఆ సంస్థలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది.

నా పోస్టర్లలో ఇదంతా లేదు. తుప్పు పట్టిన ఇనుము రంగుంది. ఆ రంగుని ఫోటోలోంచే ఐడ్రాపర్ టూల్‌తో తీసుకున్నాను. ‘శ’ అక్షరం పేజీ నిండా ఉంది. ఒకదాంట్లో 2015 అనే అంకె విరిగిపోయినట్టు ఉంది. ఇంకోదాంట్లో తాళం వేసిన గేటు, దాని ఊచల మధ్య నుంచి పెరిగిన గడ్డి. ప్రింటు మంచి మందపాటి కాగితం మీద వేయించాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు దానికే వచ్చాయి.

కాలేజీ ప్రదర్శనకి మా బాపు వచ్చాడు. రుద్రూర్ నుంచి నిజామాబాద్, అక్కడ్నుంచి హైదరాబాద్, బస్సులో. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఆరు పోస్టర్లనీ చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. గేటు పోస్టర్ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నాకు లోపల్లోపల గర్వంగానే ఉంది.

“గేటు తెరిసున్నప్పటి ఫోటువ లేదా బిడ్డా?” అన్నాడు.

లేదని చెప్పాను. తల ఊపి, పక్కనున్న అమ్మాయి వేసిన సబ్బు పెట్టెల డిజైను చూడటానికి వెళ్ళాడు.

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఆ గేటు ముందు చెరకు బండితో రాత్రంతా వరసలో నిలబడ్డ మనిషి ఆయన. చలికి బండి కిందే పడుకున్న మనిషి. ఆయనకి ఆ గేటు అంటే తెరుచుకునేది. నాకు మూసి ఉన్నదే అందంగా కనిపించింది. ఎందుకంటే దాని మీద నీడలు బాగా పడ్డాయి.

విమర్శగా చెప్పాలంటే ‘శక్కర్’ లోపం ఇది. అది నష్టాన్ని రంగుగా మార్చుకుంది. తుప్పుకి ఒక సౌలభ్యం ఉంది. అది ఎవరినీ అడగదు, ఏదీ వివరించదు, ఫోటోలో ఎప్పుడూ బాగానే వస్తుంది. పనిచేస్తున్న ఫ్యాక్టరీని పోస్టర్‌లో పెట్టాలంటే మనుషులు రావాలి. బురద, మడ్డి వాసన, తూకం దగ్గర గొడవ, షిఫ్టు సైరన్ రావాలి. దానికి గీత రావాలి, ఓపిక రావాలి. నేను సులువైన దారి తీసుకున్నాను. పోస్టరంటే దారిన పోయేవాడికి ఏదో చెప్పేది కదా. నా ఆరింటిలో ఏ ఒక్కటీ శక్కర్‌నగర్ గోడ మీద అతికించేది కాదు. అక్కడివాళ్ళకి ఫ్యాక్టరీ మూతపడిందని నేను చెప్పాలా?

*

రెండో ప్రాజెక్టు ఒక తెలుగు ఫాంటు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఇందులో తప్పులతో పాటు పనికొచ్చేది కూడా ఉంది.

మన తరానికి కంప్యూటర్ మీద కనిపించిన మొదటి తెలుగు ఎక్కువమందికి విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి. ఆర్.కె.జోషి పర్యవేక్షణలో తయారైన అక్షరాలవి. ఆ తర్వాత తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన. డీటీపీ సెంటర్లలో మాత్రం అను ఫాంట్లదే రాజ్యం. పేజ్‌మేకర్‌లో పెళ్ళిపత్రిక, ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ, రెండింటిలోనూ అవే. 2010ల మొదట్లో సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సురవరం, ధూర్జటి, పెద్దన. వీటిలో చాలావాటి తెలుగు అక్షరాలు పురుషోత్ కుమార్ గుత్తుల గీసినవి. ముంబైలోని ఎక్ టైప్ వాళ్ళు బాలూ అనే లావుపాటి ఎలుగుబంటి లాంటి ఫాంటుని ఒక్కో లిపిలో ఒక్కో చుట్టరికంతో పిలిచారు. తెలుగులో అది బాలూ తమ్ముడు. హార్వర్డ్ వాళ్ళ మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్‌ల బృందం చేసిన అక్షరాలే తర్వాత టిరో తెలుగుగా అందరికీ వచ్చాయి. ‘మనుచరిత్ర’ ఇంగ్లీషు అనువాదం 2015లో ఆ గ్రంథమాలలో వచ్చింది. అందులో ఎడమ పేజీ తెలుగుని చూసినప్పుడు మనవాళ్ళ పుస్తకాలు ఎందుకిలా ఉండవని కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

నేను చెయ్యాలనుకున్నది బోధన్ బోర్డుల మీది అక్షరం. బోధన్ బజారులో ఒకే బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, అప్పుడప్పుడు మరాఠీ కోసం దేవనాగరి కూడా కనిపిస్తాయి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే మరి. ఫోన్‌తో రెండొందల బోర్డులు ఫోటో తీశాను. వాటిలోంచి నాకు నచ్చిన వంపులన్నీ ఏరి, ‘బోధన్’, ‘నిజామాబాద్’, ‘చెరకు’ అనే మాటలు గీశాను. చాలా బాగా వచ్చాయి. తలకట్టు బ్రష్షు విరుపులా, అక్షరం పొట్ట గుండ్రంగా. ప్రాజెక్టు అక్కడే పూర్తయిందని అనుకున్నాను.

తర్వాత మా ఊరి పేరు టైప్ చేశాను.

రుద్రూర్. ఒక్కసారి నెమ్మదిగా చూడండి. మొదటి అక్షరానికి కొమ్ము. రెండోదానికి కింద క్రారవడి, కుడి పక్కన కొమ్ము దీర్ఘం. మూడోదానికి పైన పొల్లు. మూడక్షరాల మాటలో అక్షరానికి మూడు వైపులా ఏదో ఒకటి వేలాడుతోంది. నా ఫాంటులో క్రారవడి వెళ్ళి కొమ్ముకి గుద్దుకుంది. దాన్ని కిందికి లాగితే రెండో పంక్తి తలకట్టుల్లోకి దిగింది. చిన్నది చేస్తే మచ్చలా కనిపించింది. ‘శక్కర్‌నగర్’ రాస్తే కవత్తు వేరే ఎవరో గీసినట్టుంది. నేను ఏరుకొచ్చిన అందమంతా అక్షరం నడుముదే. తెలుగు కష్టం ఉండేది నడుము కింద.

అప్పుడు బోధన్‌లో బోర్డులు రాసిన ఒక పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన బ్రష్షు వదిలేసి చాలా ఏళ్ళయింది. తెలుగు, ఉర్దూ రెండూ రాసిన చెయ్యి. ‘చాచా, వత్తు ఎక్కడ పెట్టాలో ఎట్లా తెలుస్తది?’ అని అడిగాను. ఆయనకి ప్రశ్నే వింతగా అనిపించింది.

“పేరుల ఎన్ని వత్తులున్నయో ముందుగాల లెక్కవెడ్త బేటా. కింద జాగ ఇడిచిపెట్టి, అప్పుడు పైన అక్షరం ఎంత పెద్దగ రాయాల్నో చూస్త. నువ్వు పైకెంచి మొదలుపెట్టినవ్. గందుకే నీకు జాగ సాలలే.”

ఇంకో మాట కూడా చెప్పాడు. తెలుగు పైన రాసి ఉర్దూ కింద రాస్తే కొట్లాట నడుమనే అవుతుందట. పైనుంచి తెలుగు వత్తులు దిగుతాయి, కింద నుంచి ఉర్దూ చుక్కలు ఎక్కుతాయి. అందుకని ఆయన ఆ రెండింటి మధ్య ఇంగ్లీషు వరస ఒకటి పెట్టేవాడు. అది పెద్దక్షరాల్లో రాస్తే పైకీ పోదు, కిందికీ పోదు. నేను ఆ మూడు వరసల బోర్డుల్ని రెండొందల ఫోటోల్లో చూసి, ఇంగ్లీషు మోజు కాబోలు అనుకున్నాను. అది సరిహద్దు గోడ అని ఒక్క ఫోటోలోనూ నాకు కనిపించలేదు.

ప్రేరణ అంటే మనం సాధారణంగా ఆకారాన్ని చూస్తాం. ఆయన చెప్పింది కొలత. ఆ వంపులన్నీ ఆ కొలత తర్వాత వచ్చినవే. నేను ఫలితాన్ని కాపీ చేసి లెక్కని వదిలేశాను.

ఈ సమస్య నా ఒక్కదానితోనో బోధన్‌తోనో ఆగేది కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లు ఆగిపోయాయి. అది ‘జ్ఞా’. కింద వత్తు, పక్కన దీర్ఘం, మధ్యలో కంటికి కనిపించని ఒక నాన్-జాయినర్ గుర్తు. ఆ కూర్పుని గీయలేక అంత పెద్ద సాఫ్ట్‌వేర్ కూలబడింది. కొద్ది రోజుల్లో ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. మిత్రులంతా జోకులేసుకున్నాం. నాకిప్పుడు అనిపించేది వేరు. ఆ ఇంజినీర్లకి తెలుగు వత్తు చివర్లో సర్దేది. నాకూ అంతే అయింది. వాళ్ళు కాలిఫోర్నియాలో ఉన్నారు, నేను రుద్రూర్‌లో పుట్టాను, తేడా అదొక్కటే.

బోర్డులు రాసిన చెయ్యి ఎంత దూరం పోతుందో చెప్పడానికి మనకి ఏలె లక్ష్మణ్ ఉన్నారు. ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసిన ఆ చిత్రకారుడే 2014లో తెలంగాణ రాజముద్ర రూపొందించారు. కాకతీయ తోరణం, దాని లోపల చార్మినార్ అందరికీ గుర్తుంటాయి. డిజైన్ చదివేవాళ్ళు ఇంకోటి చూడాలి. ఆ చిన్న వృత్తంలో ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ, దేవనాగరి నాలుగూ ఉన్నాయి. అది బోధన్ బోర్డు సమస్యే, గుండ్రంగా చుట్టింది. 2024లో దాన్ని మార్చాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు ఎంత గొడవ జరిగిందో, చివరికి ఎలా వాయిదా పడిందో తెలిసిందే. గ్రాఫిక్ డిజైన్ మామూలు జనానికి పట్టదు అనే మాట ఆ వారం తర్వాత నేను అనడం మానేశాను.

*

మూడో ప్రాజెక్టు ఎన్నికల బ్యాలెట్. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. పసుపు బోర్డు కావాలని, గిట్టుబాటు ధర కావాలని నామినేషన్లు వేశారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలే ఉంటాయి. నోటాతో కలిపి 186 మీటలు కావాలి. ఏప్రిల్ 11న ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ పన్నెండు యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. మా రుద్రూర్ జహీరాబాద్ స్థానం కిందికి వస్తుంది కాబట్టి ఆ వరస మాకు రాలేదు. పక్కనే బోధన్ వాళ్ళకి వచ్చింది. ఆ రైతులు డిజైన్ గురించి ఆలోచించి ఉండరు గానీ, నిరసనని ఓటరు కళ్ళ ముందు అంత పొడవున పరిచి చూపించిన పోస్టర్ నాకు ఇంకోటి తెలియదు.

సమాచార డిజైన్ క్లాసులో నేను ఆ బ్యాలెట్‌ని ‘మెరుగు’ చేశాను. అన్ని గుర్తుల్నీ మళ్ళీ గీశాను. ఒకే మందం గీత, ఒకే మూల గుండ్రం, ఒకే చదరంలో. టార్చిలైటు, సీసా, గ్యాస్ సిలిండర్, గొడుగు. ‘అన్నీ ఒకే కుటుంబంలా ఉన్నాయి’ అని మెచ్చుకోలుగా రాసిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మా నాయనమ్మకి చూపించాను. చదువు రాదు, ఓటు మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ‘టార్చిలైటు ఏదో చూపించు’ అన్నాను. సీసా మీద వేలు పెట్టింది. మళ్ళీ అడిగితే సిలిండర్ మీద. కళ్ళజోడు తుడుచుకుని, “అన్ని ఒక్క తీర్గనే ఉన్నయి గదరా” అంది.

క్లాసులో మెచ్చుకున్నదీ ఇంట్లో విసుక్కున్నదీ ఒకే మాట. మాకు నేర్పినదాంట్లో ఏకరూపత పెద్ద గుణం. ఒక బ్యాంకు యాప్‌లో అది గుణమే. బ్యాలెట్ మీద ఒక్కో గుర్తు పక్కదానికి శత్రువు. ఎంత వేరుగా ఉంటే అంత మంచిది. ఎన్నికల సంఘంలో 1992 దాకా పనిచేసిన ఎం.ఎస్.సేథీ పెన్సిల్‌తో గీసిన గుర్తులు ఇప్పటికీ జాబితాలో ఉన్నాయి. వాటిని మా క్లాసులో పాతబడ్డ బొమ్మలుగా చూశాం. నీడలున్నాయి, అనవసరమైన వివరాలున్నాయి అనుకున్నాం. కానీ ఆ వివరాల వల్లే సీసా సీసాలా, టార్చి టార్చిలా ఉంటుంది. అక్షరం రానివాళ్ళకి ఓటు చేతికిచ్చిన దేశంలో గుర్తు అంటే అలంకారం కాదు. తప్పు చదివితే ఓటు వేరేవాడికి పోతుంది. ఆ భయం సేథీ గీతలో ఉంది, నా గీతలో లేదు.

*

ఇక పోర్ట్‌ఫోలియోలో పెట్టని పని. దాన్ని దాచాను అనడమే నిజం.

మూడో ఏడు వేసవిలో బోధన్‌లో ఒక డీటీపీ షాపులో రెండు నెలలు పనిచేశాను. ఆ చుట్టుపక్కల చెరకు పోయాక వరి పెరిగింది, రైస్ మిల్లులున్నాయి. ఒక మిల్లు వాళ్ళకి ఇరవై ఐదు కిలోల బియ్యం సంచి కావాలి. చిలక బొమ్మ, పెద్దక్షరాల పేరు, నాలుగు రంగులు. నా వరకు అది జేబు ఖర్చుకి చేసే పని. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు.

ఆ సంచి నాకు మూడుసార్లు బుద్ధి చెప్పింది. మొదటిసారి ప్రింటులో. ప్లాస్టిక్ పట్టీల నేత మీద సన్న గీత నిలవదు, చుక్కలు చుక్కలుగా విరిగిపోతుంది. నా చిలక ఈకలన్నీ పోయాయి. రెండోసారి అక్షరంలో. వత్తుల లోపలి ఖాళీ సిరాతో పూడిపోయి నల్లటి ముద్దయింది. లోపలి ఖాళీ పెంచడానికి అక్షరాన్నే మళ్ళీ గీయాల్సి వచ్చింది. మూడోసారి మిల్లులో. నమూనా సంచులు చూడటానికి వెళ్తే ఒక హమాలీ అన్న అడిగాడు, “ఇవి పేర్చినంక చిలక కనవడ్తదా?” కనబడదు. బస్తాలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చితే బయటికి కనిపించేది కుట్టు వేసిన మూతి మాత్రమే. నాలుగు రకాల బియ్యం ఉన్న గోదాంలో ఆయన దేన్నిబట్టి తీయాలి?

అప్పుడు మూతి దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పున రంగు పట్టీ వేశాను. ఒక్కో రకానికి ఒక్కో రంగు. పేరుని పక్క అంచున కూడా చిన్నగా వేశాను. మిల్లు ఓనర్‌కి ఆ పట్టీలో అందమేమీ కనిపించలేదు. చిలక ఇంకొంచెం పెద్దగా ఉండాలన్నాడు. పెద్దది చేశాను. ఇద్దరి మాటా నెగ్గింది.

ఇప్పుడు ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బాగా చేసిన డిజైన్ ఆ సంచి. గొప్ప కళాఖండమని కాదు. చిలక కొంచెం కోడిపిల్లలా ఉంటుందని నాకూ తెలుసు. కానీ దాన్ని చదివేవాడు ఎవరో, ఎక్కడ నిలబడి చదువుతాడో, చదవలేకపోతే ఏమవుతుందో నాకు తెలిసి చేసిన పని అదొక్కటే. ‘శక్కర్’కి చదివేవాడు మార్కులేసేవాడు. ఫాంటుకి చదివేదాన్ని నేనే. బ్యాలెట్‌కి చదివేది నాయనమ్మ అని పని అప్పగించాక తెలిసింది.

అలాగని ఊళ్ళోది ఏదైనా మంచిదే, కాలేజీలో నేర్పేది దండగ అనట్లేదు. లోపలి ఖాళీ ఎందుకు పూడిందో నాకు అర్థమైంది కాలేజీలో టైపోగ్రఫీ చదవడం వల్లే. పాల్ రాండ్ కూడా కంపెనీలకి, అక్కడి ప్రింటర్లకి, అక్కడి జనానికి పనిచేశాడు. మేం ఆయన చేసిన పనిని వదిలి, దాని ఫోటోని గోడకి తగిలించుకున్నాం. బోధన్ బోర్డులతో నేను చేసింది సరిగ్గా అదే. దూరపుదాన్నీ దగ్గరిదాన్నీ ఒకే రకంగా వాడుకున్నాను. ఇప్పుడు ‘దేశీ’ ఫ్యాషన్‌లో వస్తున్న కేఫ్ మెనూలు, చొక్కాలు, పుస్తకాల అట్టలు చూస్తే కూడా ఇదే అనుమానం. లారీ వెనక రాతలు, అగ్గిపెట్టె బొమ్మలు, సినిమా పోస్టర్ అక్షరాలు, అన్నీ ఉంటాయి. వత్తు మాత్రం తప్పుచోట ఉంటుంది. రాసినవాళ్ళకి పని పోయాక వాళ్ళ రాతకి గిరాకీ వచ్చింది. ఆ గిరాకీలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట గట్టిగా అనలేకపోతున్నాను.

*

మా బాపు ప్రశ్న తర్వాత గేటు తెరిచున్నప్పటి ఫోటో కోసం ఇంట్లో వెతికాను. దొరకలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో కెమెరా లేదు, ఉన్నా చెరకు బండ్ల వరసని ఎవరు ఫోటో తీస్తారు? ఇనుప పెట్టెలో పాసు పుస్తకాల కింద ఒక చీటీ దొరికింది. చెరకు కొట్టొచ్చని ఫ్యాక్టరీ ఇచ్చే చీటీ. అరచేయంత కాగితం. నంబరు, తేదీ, ఊరు, పేరు. మడతల దగ్గర చినిగింది.

“ఇది చేతికొచ్చినంకనే కత్తి వట్టేది,” అన్నాడు బాపు. “ముందుగాల కొడితే చెరుకు ఎండిపోయి తూకం పోతది. తేదీ ఒక్కటి మంచిగ కనవడితె సాలు.”

తేదీ బాగానే కనబడుతోంది. మిగతా అక్షరాలకంటే రెండింతలు పెద్దగా, చుట్టూ ఖాళీ వదిలి అచ్చు వేశారు. ఏ డిజైనరూ చేసి ఉండడు. ఎవరో కంపోజిటర్‌కి, రైతు చీకట్లో లాంతరు పట్టుకుని దీన్ని చూస్తాడని తెలిసి ఉంటుంది.

వెంటనే స్కాన్ చేసి ఆరో పేజీలో, పొగగొట్టం ఉన్న చోట పెట్టాలని చెయ్యి ఆడింది. పాత కాగితం, గోధుమ రంగు మడతలు, చాలా బాగుంటుంది. ఆ ‘చాలా బాగుంటుంది’ దగ్గరే ఆగాను. తుప్పు గేటుని చూసినప్పుడు కూడా నా నోట్లోంచి వచ్చిన మాట అదే. చీటీని మళ్ళీ పెట్టెలోనే పెట్టేశాను.

జూనియర్లకి ఇంకా ఏమీ రాయలేదు. ఆరో పేజీ తీసెయ్యమని చెప్పడం సులువు, తీసేస్తే ఇంకో పేజీ వస్తుంది. బహుశా ఒక్క ప్రశ్న పంపుతాను: మీ ఊరి పేరు మీ ఫాంటులో టైప్ చేసి చూశారా? నేను మళ్ళీ అక్కడే మొదలుపెట్టాను. ఈసారి కింద జాగ వదిలి, పైకి గీస్తున్నాను. కొమ్ము కుదిరింది, పొల్లు కుదిరింది. క్రారవడి ఇంకా గుద్దుకుంటోంది.